రికార్డులోకి ఎక్కిన ప్రార్థన: గ్రెగోరియన్ గానంపై ఒక పరిశీలన

స్పెయిన్ దేశంలో, బూర్గోస్ నగరానికి ఆగ్నేయ దిశగా, శాంతో దొమింగో దె సీలోస్ అనే బెనెడిక్టిన్ సన్యాసుల మఠం ఉంది. అక్కడి సన్యాసులు తమ నిత్యారాధనలో లాటిన్ భాషలో పాడుకునే పాటలను 1970, 80 దశకాల్లో వేర్వేరు సమయాల్లో రికార్డు చేశారు. వాటి నుండి ఏరి కూర్చిన సంపుటి ముందు స్పెయిన్‌లో విడుదలై, 1994లో ‘చాంట్’ అనే పేరుతో అమెరికాలో వెలువడింది. సినిమా పాటలకు, కుర్రకారు పాటలకు మాత్రమే చోటుండే అమ్మకాల పట్టికలో అది మూడవ స్థానానికి చేరింది. ఆ ఒక్క దేశంలోనే ఇరవై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. వాద్యం లేదు, తాళం లేదు, కొన్నవారిలో అత్యధికులకు ఆ భాష కూడా రాదు. అయినా కొన్నారు. నేటి జీవితంలోని అలసటకు, ఆందోళనకు ఇది విరుగుడు అని కంపెనీవారు ప్రచారం చేశారు.

ఈ రకపు గానాన్ని గ్రెగోరియన్ గానం అంటారు. దీనిని గురించి మనవారిలో రెండు అభిప్రాయాలు వినవస్తుంటాయి. ‘ఇది అచ్చం మన ఖిరాఅత్ లాగే ఉంది, మన దగ్గరనుండే వాళ్ళు నేర్చుకున్నారు’ అనేది మొదటిది. ‘ఇది చర్చి సంగీతం, దీనితో మనకేం పని’ అనేది రెండవది. మొదటిది పొంగిపోవడం, రెండవది తోసిపుచ్చడం. రెండింటిలోనూ లోపించినది ఒకటే: శ్రద్ధగా వినడం. దేనినైనా విన్న తర్వాతనే దానిపై తీర్పు చెప్పడం న్యాయం. కనుక ఈ వ్యాసంలో ముందు ఆ గానపు సంగీత లక్షణాలేమిటో చూద్దాం. ఆ పిమ్మట ఖుర్ఆన్ పారాయణతో దానికి పోలిక ఎంతవరకో, భేదం ఎక్కడో పరిశీలిద్దాం. చివరగా, ప్రార్థన రికార్డులోకి ఎక్కినప్పుడు దానికి ఏమవుతుందన్నది ఆలోచిద్దాం. ఈ చివరి ప్రశ్న ఆ సన్యాసులది మాత్రమే కాదు, మనది కూడా.

ఏమి వినిపిస్తుంది?

మొట్టమొదట గమనించవలసినది ఏకస్వరత. గొంతులు ఎన్ని ఉన్నా అన్నీ ఒకే బాణీని ఒకే స్థాయిలో పాడతాయి. పాశ్చాత్య సంగీతం అనగానే మనకు తోచే సంవాద స్వరాల పేర్పు, అనగా ఒక్కసారిగా నాలుగు వేర్వేరు బాణీలు కలిసి నడవడం, ఇందులో లేదు. ఆ పద్ధతి ఐరోపాలో తర్వాత పెరిగినది. ఈ గానం దానికి పూర్వరూపం. తంబురా వంటి శ్రుతి కూడా లేదు. రాతి కట్టడంలో ప్రతిధ్వనించే గొంతుల మారుమ్రోతే శ్రుతిలా పనిచేస్తుంది. ఒక వాక్యం ముగిసిన తర్వాత ఆ నాదం ఆరిపోయేదాకా ఆగి, తర్వాతి వాక్యం ఎత్తుకుంటారు. కనుక ఆ నిశ్శబ్దం కూడా పాటలో భాగమే.

రెండవది అక్షరానికీ స్వరానికీ గల సంబంధం. ఇందులో మూడు తరగతులున్నాయి. కీర్తనల గ్రంథాన్ని, అనగా జబూర్‌ను, రెండు బృందాలుగా చీలి చరణం విడిచి చరణం పాడేటప్పుడు అక్షరానికి ఒక్క స్వరమే ఉంటుంది. చాలా అక్షరాలు ఒకే స్వరంపై నడిచి, చరణం సగంలోనూ చివరనూ మాత్రం కొద్దిగా వంగుతాయి. ఆరాధన ప్రారంభంలో పాడే ప్రవేశ గీతాల్లో అక్షరానికి రెండు, మూడు, నాలుగు స్వరాలు పడతాయి. పఠనానికీ పఠనానికీ నడుమ పాడే ‘గ్రాడువల్’ అనే గీతాల్లో మాత్రం ఒక్క అక్షరంపైనే ఇరవై ముప్పై స్వరాలు సాగవచ్చు. ‘క్రిస్తుస్ ఫాక్తుస్ ఎస్త్’ అనే గ్రాడువల్ ఈ సంపుటిలో ఉంది. దాని మొదటి సగం క్రింది స్థాయిలో బరువుగా నడుస్తుంది. రెండవ సగంలో బాణీ ఒక్కసారిగా పై స్థాయికి ఎగసి, దీర్ఘమైన స్వరమాలికలుగా విచ్చుకుంటుంది. ఏసు మరణాన్ని, ఆపైన ఆయనకు కలిగిన ఔన్నత్యాన్ని గురించిన వారి విశ్వాసం ఆ గీతానికి వస్తువు. ఆ విశ్వాసంతో మనకు ఏకీభావం లేదు. కాని మాటలోని దిగుడును, ఎగుడును స్వరంలో ఎలా చూపించారో గ్రహించడానికి ఏకీభావం అవసరం లేదు.

మూడవది స్వరాల కూర్పు. ఈ గానాన్ని ఎనిమిది ‘మోడ్’లుగా విభజించారు. మన ప్రాంతపు శ్రోతకు రాగాల పేర్లు పరిచయమే కనుక ఆ భాషలో చెప్పుకుందాం. మొదటి మోడ్ స్వరాలు ఖరహరప్రియకు, మూడవది తోడికి, ఏడవది హరికాంభోజికి సరిపోతాయి. సంపుటిలో మొట్టమొదటి పాట ‘పుయెర్ నాతుస్ ఎస్త్ నోబిస్’ ఏడవ మోడ్‌లోనిది. షడ్జం నుండి పంచమానికి ఒక్క గెంతుతో ఆరంభమవుతుంది. క్రిస్మస్ పగటి ఆరాధనకు ద్వారం తెరిచే పాట కాబట్టి ఆ గెంతులో ఒక ప్రకటన ఉంది. అయితే ఈ పోలికను సాగదీయరాదు. హరికాంభోజి అని చెప్పిన ఏడవ మోడ్‌కూ, ఎనిమిదవ మోడ్‌కూ స్వరాలు ఒకటే. భేదమంతా బాణీ ఏ స్థాయిలో తిరుగుతుంది, ఏ స్వరంపై ఎక్కువసేపు నిలుస్తుంది అన్న దానిలో ఉంది. రాగమంటే ఆరోహణ అవరోహణలు మాత్రమే కాదు, సంచారం కూడా అని మన విద్వాంసులు చెప్పేదీ ఇదే. కాగా గమకం ఇందులో లేదు. స్వరం నుండి స్వరానికి గొంతు మెట్టు దిగినట్లు దిగుతుందే తప్ప జారదు, ఊగదు. ఖరహరప్రియ స్వరాలున్నంత మాత్రాన అది ఖరహరప్రియ కాదు.

తాళం లేని నడక

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన చెవికి ఈ గానంలో అన్నిటికంటే వింతగా తోచేది లయ. మన చెవి మొవ్వ, కూచిపూడి ప్రాంతపు సంప్రదాయంలో తయారైన చెవి. కూచిపూడి భాగవతుల సంగీతానికి మృదంగం, నట్టువాంగపు తాళాలు, కాలి గజ్జె ప్రాణం. భామాకలాపంలో సత్యభామ ప్రవేశ దరువు భైరవి రాగంలో, ఆది తాళంలో నడుస్తుంది. అక్కడ మాట తాళానికి ఒదగాలి. తాళం ముందు వేసిన బాట, మాట దానిపై నడిచే బాటసారి.

గ్రెగోరియన్ గానంలో బాట లేదు. మాట ఎటు నడిస్తే అదే బాట. లాటిన్ పదంలో ఊనిక ఏ అక్షరంపై ఉందో, వాక్యం ఎక్కడ విరుగుతుందో, భావం ఎక్కడ ముగుస్తుందో, దానినిబట్టే బాణీ లేస్తుంది, వాలుతుంది. లెక్కించదగిన ఆవర్తం లేదు. దీనినే వారు స్వేచ్ఛాలయ అంటారు. శ్రోత చేతితో తట్టబోయి ఆగిపోతాడు. తట్టడానికి చోటుండదు.

అయినా ఇలాంటి నడక తెలుగువారికి బొత్తిగా కొత్తదేమీ కాదు. అదే కూచిపూడి కలాపంలో దరువుకు ముందు కంద పద్యం చదివే పద్ధతి ఉంది. దానిని కందార్థమంటారు. పద్యం తాళం లేకుండా రాగంలో సాగుతుంది, దాని అర్థాన్ని విస్తరిస్తూ దరువు తాళంలో వస్తుంది. మన రంగస్థలంపై పౌరాణిక నాటకాల పద్యాలు కూడా తాళం లేనివే. కనుక ఈ రికార్డును వినబోయే తెలుగు శ్రోత దరువు చెవిని ప్రక్కనపెట్టి పద్యం చెవితో వినాలి. అప్పుడు దారి కొంత సుగమమవుతుంది. అయితే అక్కడా ఒక తేడా ఉంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుచేత మన నటుడు పాదం చివరి అచ్చును పట్టుకుని రాగం సాగదీస్తాడు, ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. లాటిన్ గానంలో దీర్ఘ స్వరమాలిక తరచుగా పదం నడుమనే వస్తుంది, ముగింపు మాత్రం నెమ్మదిగా, ఆడంబరం లేకుండా ఉంటుంది. గాయకుడు మెప్పు కోసం ఆగే స్థలం అందులో లేదు. ఈ నిగ్రహమే ఆ సన్యాసుల గానానికి అందం.

కూచిపూడి పేరు వచ్చింది కనుక మరొక మాట. ఆ గ్రామాన్ని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చినవాడు గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా అనీ, 1672 నుండి 1687 వరకు ఏలిన ఆయన వారి ప్రదర్శన చూసి సంతోషించి ఆ దానం చేశాడనీ భాగవతుల సంప్రదాయం చెబుతుంది. తానీషాగా తెలుగునాట పేరు పొందిన ఆ పాలకుడు తన మతం కాని కళను ఆదరించడానికి ఆ మతాన్ని స్వీకరించనక్కరలేదని గ్రహించాడు. ఇతరుల ఆరాధనను గౌరవంతో ఎరిగి ఉండడం మనకు కొత్త పాఠం కాదు. మఠాలలోను, చర్చీలలోను, యూదుల ప్రార్థనా మందిరాలలోను, మస్జిదులలోను దేవుని నామస్మరణ జరుగుతుందని హజ్ సూరా పేర్కొన్న సంగతి పాఠకులకు తెలిసినదే.

ఖిరాఅత్‌తో పోలిక, భేదం

ఇక మొదటి అభిప్రాయం సంగతి చూద్దాం. ఈ గానం ఖిరాఅత్‌లా ఉన్నదా? పైపైన వింటే ఉన్నట్లే తోస్తుంది. రెండింటిలో వాద్యం లేదు. రెండింటిలో తాళం లేదు. రెండింటిలో మాటే యజమాని. రెండూ వాక్యం తర్వాత నిశ్శబ్దాన్ని పాటిస్తాయి. ఉచ్చారణ విషయంలో మరొక ఆశ్చర్యకరమైన సామ్యం ఉంది. తజ్వీద్‌లో నూన్, మీమ్ అక్షరాలను ముక్కుతో రెండు మాత్రలు నిలిపే ‘గున్నా’ అందరికీ తెలుసు. గ్రెగోరియన్ వ్రాతప్రతులలో కూడా మ, న, ల, ర వంటి హల్లుల దగ్గర గొంతును సన్నం చేయమని సూచించే ప్రత్యేక చిహ్నాలున్నాయి. ప్రార్థన వచనాన్ని శ్రద్ధగా పలికేవారందరూ హల్లు దగ్గర జాగ్రత్తపడతారని దీనివల్ల తెలుస్తున్నది.

అయితే లోతుకు వెళ్ళేకొద్దీ భేదాలు బలపడతాయి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: గ్రెగోరియన్ గానంలో బాణీ స్థిరం. ఫలానా పండుగ ప్రవేశ గీతానికి ఫలానా బాణీ అని గ్రంథంలో ఉంది. ఏ మఠంలో పాడినా అదే. ఖుర్ఆన్ పారాయణలో సరిగ్గా దీనికి విరుద్ధం. అక్షరం స్థిరం, దాని ఉత్పత్తి స్థానం స్థిరం, మద్ద్ ఎన్ని మాత్రలో స్థిరం, ఆగవలసిన చోటు స్థిరం. బాణీ మాత్రం స్థిరం కాదు. ఏ ఆయత్‌కూ ఫలానా బాణీ అని నిర్ణయించరు, నిర్ణయించరాదు కూడా. ఒకే ఖారీ ఒకే సూరాను ఈ రోజు చదివినట్లు రేపు చదవడు. గేయం మనుషులు కూర్చినది, కలాం అల్లాహ్‌ది. మానవ నిర్మితమైన బాణీని దైవవాక్కుకు శాశ్వతంగా అంటగట్టకూడదన్న జాగ్రత్త దీని వెనుక ఉన్నది.

రెండవ భేదం సామూహికత. అక్కడ బృందమంతా ఒక్క గొంతుగా పాడుతుంది, వ్యక్తి అందులో కలిసిపోతాడు. మన నమాజులో ఇమామ్ ఒక్కడే పఠిస్తాడు, జమాఅత్ వింటుంది. అక్కడ ఏకమయ్యేది గొంతు, ఇక్కడ ఏకమయ్యేది చెవి. మూడవ భేదం స్వరాలది. ఈజిప్టు ఖారీలు ముజవ్వద్ పద్ధతిలో సాధారణంగా ఎత్తుకునే బయాతీ మఖామ్‌లో, అరబ్బుల రాస్త్ మఖామ్‌లో ఉండే ముప్పాతిక అంతరాలు గ్రెగోరియన్ మెట్లలో లేవు.

ఖుర్ఆన్‌ను నిలిపి, స్పష్టంగా పఠించాలన్న ఆదేశం ముజ్జమ్మిల్ సూరాలో ఉన్నది. స్వరంతో దానికి శోభ కలిగించమన్న దైవప్రవక్త (స) ప్రోత్సాహమూ హదీసులలో ఉన్నది. అబూ మూసా అష్అరీ (రజి) కంఠాన్ని ఆయన దావూద్ (అస) వంశీకుల మధురనాదంతో పోల్చిన ఉదంతం ప్రసిద్ధం. అయినా రాగాలతో పఠించడాన్ని ఇమామ్ మాలిక్, ఇమామ్ అహ్మద్ ఇష్టపడలేదనీ, అక్షరానికి భంగం కలగనంతవరకు ఇమామ్ షాఫియీ అనుమతించారనీ వచ్చింది. హద్దు ఎక్కడ అన్న చర్చలో అభిప్రాయభేదం ఉన్నది గాని, హద్దు ఉండాలన్న విషయంలో లేదు. లోయిస్ లమ్యా ఫారూఖీ తన రచనలలో శబ్దకళలన్నిటినీ ఒక నిచ్చెనపై అమర్చి, ఖుర్ఆన్ పారాయణను అన్నిటికంటే పైమెట్టుపై ఉంచి, దానికి ‘మూసీఖీ’ అన్న మాట వర్తించదని స్పష్టం చేశారు. గ్రెగోరియన్ గానాన్ని మాత్రం క్రైస్తవులే తమ చర్చి సంగీతమని పిలుచుకుంటారు. ఈ ఒక్క మాటలోనే ఉభయుల దృష్టిభేదం ఇమిడి ఉంది.

మరి ‘మన దగ్గరనుండే నేర్చుకున్నారు’ అన్న మాట? ఇది నిలవదు. ఈ గానానికి ఆరవ శతాబ్దపు పోప్ గ్రెగొరీ పేరు పెట్టారు గాని, నేటి పరిశోధకుల నిర్ణయం ప్రకారం ఇది ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో ఫ్రాంకుల రాజ్యంలో రూపొందింది. షార్లమేన్ చక్రవర్తి కాలమది. ఆయనకు బాగ్దాద్ ఖలీఫా హారూన్ రషీద్ పంపిన ఏనుగు 802లో చేరింది. రాయబారాలు నడిచాయి, కానుకలు నడిచాయి. ఖిరాఅత్ నుండి బాణీలు నడిచాయనడానికి మాత్రం ఆధారం లేదు. ఎనిమిది మోడ్‌ల పద్ధతి వారికి బైజాంటియం క్రైస్తవుల నుండి వచ్చింది. అలాగే సరిగమల వంటి పాశ్చాత్య స్వరనామాలు అరబ్బీ అక్షరాలైన దాల్, రా, మీమ్‌ల నుండి పుట్టాయని కొందరు తరచూ వ్రాస్తుంటారు. అది ఎంతో తర్వాతి కాలపు ఊహ. అరెజ్జో వాసి గ్విదో పదకొండవ శతాబ్దంలో ఒక లాటిన్ స్తోత్రపు పాదాల మొదటి అక్షరాల నుండి వాటిని తీసుకున్నాడన్నది ఆయన వ్రాతలోనే ఉంది. ఐరోపాకు ముస్లిముల నుండి నిజంగా వెళ్ళినవి చాలానే ఉన్నాయి. ఊద్ ‘ల్యూట్’గా మారింది, రబాబ్ ‘రెబెక్’ అయింది, నఖ్ఖారా పేరుతోసహా వెళ్ళింది. నిజమైన సంపద ఉన్నవాడికి లేని నగలు చెప్పుకోవలసిన పని లేదు.

గ్రంథం మిగిలి గొంతు పోయిన చరిత్ర

ఈ రికార్డు వినేవారు ‘వెయ్యేళ్ళ నాటి గొంతు విన్నాం’ అని పరవశిస్తారు. ఇది సగం నిజం. వెయ్యేళ్ళ నాటిది గ్రంథం, గొంతు కాదు. తొమ్మిది, పది శతాబ్దాల వ్రాతప్రతులలో అక్షరాలపైన చిన్న చిన్న గీతలు, కొక్కేలు ఉంటాయి. బాణీ పైకి పోతుందా, క్రిందికి దిగుతుందా అన్నది అవి చెబుతాయి. ఎంత పైకి, ఎంత క్రిందికి అన్నది చెప్పవు. అది గురువు నోట విన్నవాడికే తెలుసు. గ్విదో గీతల పద్ధతి వచ్చాక స్వరస్థానం గ్రంథానికెక్కింది. కాని నడక మరుగున పడింది. పదిహేడవ శతాబ్దారంభంలో, 1614-15లో, రోమ్‌లో అచ్చయిన గ్రంథంలో పండితులు పొడవైన స్వరమాలికలను అనవసరమని కత్తిరించారు. గురుశిష్య పరంపర అప్పటికే బలహీనపడింది. ఫ్రాన్సులో 1833లో పునరుద్ధరించిన సోలెమ్ మఠపు సన్యాసులు పాత వ్రాతప్రతులను ఒకదానితో ఒకటి సరిచూసి బాణీలను తిరిగి కూర్చారు. 1903లో పోప్ పదవ పయస్ ఆ కృషికి ఆమోదముద్ర వేశాడు, 1908లో అధికారిక గీతగ్రంథం వచ్చింది. సీలోస్ మఠాన్ని 1880లో తిరిగి నెలకొల్పినవారు ఈ సోలెమ్ సంప్రదాయానికి చెందిన ఫ్రెంచి సన్యాసులే. కనుక ‘చాంట్’ సంపుటిలో మనం వినే మృదువైన, సమానమైన నడక ఎక్కువ భాగం పందొమ్మిది, ఇరవై శతాబ్దాల పునర్నిర్మాణం.

సోలెమ్ మఠానికే చెందిన యూజేన్ కార్దీన్ 1968లో ప్రకటించిన గ్రంథంలో, పాత చిహ్నాలను బట్టి స్వరాలన్నీ సమాన కాలం పాడవలసినవి కావని, కొన్ని చోట్ల త్వరగా, కొన్ని చోట్ల నిదానంగా నడవాలని నిరూపించాడు. ఇంతటి ప్రాథమిక విషయంలో తమ మఠంలోనే చర్చ నడిచిందంటే కారణం ఒక్కటే. చిహ్నం మిగిలింది, చెప్పేవాడు మిగలలేదు.

ఇంతకంటే హృదయాన్ని కలచివేసే ఉదాహరణ స్పెయిన్‌లోనే ఉంది. ముస్లిముల పాలనలోని అందలూస్‌లో నివసించిన క్రైస్తవులను ముసారబ్‌లు అనేవారు. అరబ్బీకరణ చెందినవారు అనే అర్థంగల ముస్తఅరిబ్ అన్న మాటే దానికి మూలం. వారికి రోమన్ పద్ధతికి భిన్నమైన సొంత ఆరాధనా విధానం, సొంత గానం ఉండేవి. తొలేదో నగరం 711 ప్రాంతంలో ముస్లిముల వశమై 1085 వరకు వారి పాలనలో ఉన్నది. అంతకాలమూ ఆ గానం అక్కడ సాగుతూనే వచ్చింది. దానిని తొలగించి రోమన్ పద్ధతిని ప్రవేశపెట్టాలని నిర్ణయించినది 1080లో బూర్గోస్‌లో జరిగిన క్రైస్తవ మతసభ. ఆ గానపు బాణీలు వేలసంఖ్యలో చిహ్నాలతో వ్రాతప్రతులలో నేటికీ ఉన్నాయి. సీలోస్ మఠంలోనే అలాంటివి ఎన్నో ఉండేవి, వాటిలో పలు ప్రతులు పందొమ్మిదవ శతాబ్దంలో లండన్, పారిస్ గ్రంథాలయాలకు చేరాయి. పండితులు వాటిని చూడగలరు, వివరించగలరు, పాడలేరు. నిజంగా స్వరం పట్టుకోగలిగినవి వ్రేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే. ఒక జాతి ప్రార్థించిన గొంతు కాగితంపై మూగగా పడి ఉంది.

ఇక్కడ మన పరంపర విలువ బోధపడుతుంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) ముస్‌హఫ్ ప్రతులను వివిధ నగరాలకు పంపినప్పుడు వాటితోపాటు పఠించి నేర్పేవారిని కూడా పంపినట్లు సంప్రదాయం చెబుతున్నది. గ్రంథం ఒక్కటే చాలదన్న దూరదృష్టి అది. క్రీ.శ. 936లో మరణించిన ఇబ్నె ముజాహిద్ ఏడు ఖిరాఅత్‌లను నిర్ధారించినా, 1429లో మరణించిన ఇబ్నుల్ జజరీ పది ఖిరాఅత్‌ల శాస్త్రాన్ని క్రోడీకరించినా, వారి ఆధారం కాగితం కాదు, నోటి నుండి చెవికి సాగిన సనద్. కూచిపూడి కళ నిలిచినదీ ఇదే తీరున. స్వరలిపి గ్రంథాలు లేని రోజుల్లో ఆ కుటుంబాలలో తండ్రి కొడుక్కు, గురువు శిష్యుడికి నోటితో, అడుగుతో అందించడం వల్లనే ఆ దరువులు మనదాకా వచ్చాయి. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ కళ వేదికలు మార్చుకున్నది, స్త్రీలు ప్రవేశించారు, ఎన్నో మార్పులు వచ్చాయి. అయినా అది మూగపోలేదు.

రికార్డు గుణదోషాలు

ఇక సంపుటిని సంపుటిగా తూచి చూద్దాం. గుణం ముందు చెప్పాలి. ఇది కచేరీ కోసం తయారైన గాయకుల గానం కాదు. రోజుకు పలుమార్లు ఇదే పాడుకునేవారి గానం. గొంతులలో ప్రదర్శన లేదు. ఒకరి గొంతు మరొకరిపై పైచేయి సాధించదు. వాక్యం చివర గొంతులు వాలే తీరులో ఏళ్ళ తరబడి కలిసి బ్రతికినవారి పొందిక ఉంది. ఇది ఏ శిక్షణాలయమూ ఇవ్వలేని గుణం.

దోషం కూర్పులో ఉంది. మొదటి పాట క్రిస్మస్‌ది. కొద్ది పాటల తర్వాత మట్టల ఆదివారపు ‘హోసన్నా’ వస్తుంది. వెనువెంటనే పవిత్ర గురువారపు గీతాలు. ఆపైన మరి కొంతసేపటికి మళ్ళీ క్రిస్మస్ పాట. పుట్టుక, మరణం, మళ్ళీ పుట్టుక. క్రైస్తవ సంవత్సరంలో ప్రతి గీతానికీ ఒక రోజు, ఒక వేళ, ముందొక పఠనం, వెనుకొక మౌనం ఉన్నాయి. వాటినుండి త్రెంచి, వినసొంపైనవి ఏరి, దండ గుచ్చారు. పూలు అసలువే, చెట్టు మాత్రం లేదు. కొన్నవారు అర్థం అడగలేదు, అమ్మినవారు చెప్పాలని తహతహలాడలేదు. దేవుని ముందు నిలబడి చెప్పుకున్న మాట, నిద్ర పట్టనివారికి జోలపాట అయింది. ఆ సన్యాసుల గానంలో దోషం లేదు, దానికి కట్టిన ధరచీటీలో దోషముంది.

మన తెలుగునాట కూడా రెండవ వాటికన్ మహాసభకు ముందు కథోలిక చర్చీలలో ఆరాధన లాటిన్‌లోనే జరిగేది. 1963లో ఆ సభ చేసిన తీర్మానం గ్రెగోరియన్ గానానికి అగ్రస్థానం ఇవ్వాలని చెబుతూనే, ప్రజల భాషలకు తలుపు తెరిచింది. నేడు బెజవాడ గుణదల కొండకు ఫిబ్రవరి ఉత్సవాల్లో వచ్చే జనం నోట వినిపించేవి తెలుగు పాటలే. భాష అర్థమవుతుంది, అది పెద్ద లాభం. పాత గానం మాత్రం వాడుక నుండి దాదాపు తప్పుకొని, ముఖ్యంగా రికార్డుల ద్వారానే చెవిన పడే స్థితికి వచ్చింది.

మన ఇళ్ళ సంగతి

ఇంతవరకు పొరుగువారి విషయం మాట్లాడాం. ఇప్పుడు మన ఇంటి విషయం. ఈజిప్టులో లబీబ్ సయీద్ అనే పండితుడి ప్రతిపాదనతో ఖుర్ఆన్ సంపూర్ణ ముర్తల్ రికార్డు తయారైంది. షేఖ్ మహమూద్ ఖలీల్ హుసరీ కంఠంలో 1961లో అది వెలువడింది. దాని ఉద్దేశం శ్రోతను మైమరపించడం కాదు. సరైన ఉచ్చారణకు ప్రమాణం నెలకొల్పడం, నేర్చుకునేవారికి తోడ్పడడం. అందుకే హుసరీ పారాయణలో విస్తృతమైన స్వరవిహారం ఉండదు. ప్రతి అక్షరం తన స్థానంలో తూచినట్లు పడుతుంది. ఆ రికార్డు చేసిన మేలు ఇంత అంత కాదు. ఉస్తాద్ దొరకని పల్లెల్లో కూడా శుద్ధమైన ఉచ్చారణ వినే భాగ్యం కలిగింది.

అదే సౌకర్యం మరొక అలవాటుకు దారి తీసింది. దుకాణం తెరవగానే పారాయణ పెట్టి బేరాలాడుకోవడం, వంటింట్లో పెట్టి మాటల్లో పడడం, ప్రయాణంలో పెట్టి కునుకు తీయడం. ఖుర్ఆన్ పఠించబడుతున్నప్పుడు మౌనంగా ఉండి చెవియొగ్గి వినాలన్న అఅరాఫ్ సూరా ఆదేశం మనకు తెలియనిది కాదు. అర్థం తెలియని లాటిన్ ప్రార్థనను అలసట తీరడానికి పెట్టుకున్న అమెరికా శ్రోతను చూసి నవ్వుకునే ముందు, అర్థం తెలుసుకునే వీలుండి కూడా దైవవాణిని గది నింపే నాదంగా వాడుకునే మన అలవాటును చూసుకోవాలి. ముజవ్వద్ ఖారీ ఒక్క శ్వాసలో ఎంత దూరం సాగాడో లెక్కపెట్టి, ఏ ఆయత్ చదివాడో గమనించని శ్రోత కూడా ఆ కోవలోనివాడే. రికార్డు దానంతట అది మంచీ కాదు, చెడ్డా కాదు. దానిని మనం సాక్షిగా వాడుకుంటే మేలు. దానినే గురువుగా భావిస్తే నష్టం. విద్యార్థి నాలుక ఎక్కడ తప్పిందో రికార్డు ఎన్నటికీ చెప్పదు. ఎదురుగా కూర్చున్న ఉస్తాద్ చెబుతాడు. ఇజాజత్ ఇచ్చేది మనిషే, యంత్రం కాదు.

కనుక ఈ సంపుటిని గురించి మన తీర్పు ఇది. గ్రెగోరియన్ గానం ఖిరాఅత్ కాదు, ఖిరాఅత్ నుండి వచ్చినదీ కాదు. అది ఒక సమాజం తన విశ్వాసంతో, తన భాషలో, మాటకు స్వరాన్ని లోబరచి పెంచుకున్న గంభీరమైన గానం. దానిని జ్ఞానం కోసం వినేవాడు, పరంపర తెగితే గొంతు ఎంత త్వరగా మూగపోతుందో, దానిని తిరిగి తెచ్చుకోవడానికి పండితులు ఎన్ని తరాలు శ్రమించాలో తెలుసుకుంటాడు. ఆ శ్రమ మనకు రాకుండా ఉండాలంటే మార్గం సులువైనదే. మన ఊరి మక్తబ్‌లో సాయంత్రం వేళ నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని అలిఫ్, బా చెప్పే ఉస్తాద్ జీతం సకాలంలో అందుతున్నదా, ఆ పిల్లలు క్రమంగా వస్తున్నారా అని మస్జిద్ కమిటీ పెద్దలు, తల్లిదండ్రులు విచారించుకోవడం. వేల గంటల పారాయణ రికార్డులు మన అరచేతిలో ఉన్న ఈ రోజుల్లో కూడా సనద్ నిలిచి ఉన్నది అక్కడే.